ఊరి జట్టుకి జనం ఎందుకు రారు?

మొన్న ఊరికెళ్ళినప్పుడు ఆదివారం తెల్లారకముందే ఫోన్ మోగింది. నాతో పాటు స్కూల్లో చదువుకున్న మావాడు. "గ్రౌండ్‌కి రారా, మ్యాచ్ ఉండాది" అన్నాడు. వీడు ఇప్పుడు తిరుపతిలోనే ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. జీతం ఎంతో అడక్కండి, చెప్తే మీకూ నాకూ బాధ. ఆ జీతంలోంచే బంతులు కొని, పిల్లకాయల్ని పోగేసి, పదేళ్ళుగా ఒక ఫుట్‌బాల్ జట్టు నడుపుతున్నాడు.

నిద్ర కళ్ళతోనే వెళ్ళాను. ఆట మొదలైంది. నాకున్న పాడలవాటు ఏమిటంటే ఎక్కడికెళ్ళినా లెక్కపెట్టడం. ఆడేవాళ్ళనీ, రెఫరీనీ, మావాణ్ణీ వదిలేస్తే చూడ్డానికి వచ్చినవాళ్ళు పదిహేడుమంది. అందులో నలుగురు ఆడే పిల్లల నాన్నలు, ఇద్దరు వాకింగ్‌కొచ్చి కాళ్ళు నొప్పెట్టి కూచున్న పెద్దమనుషులు, ఒకాయన బొరుగులమ్ముకునే ఆయన. నేను పద్దెనిమిదో వాణ్ణి.

ఆట మాత్రం బాగుంది. ఊరికే మొహమాటానికి చెప్పడం లేదు. ఎడమ వైపు ఆడిన ఒక పిల్లాడు ఇద్దర్ని దాటుకుని వచ్చి, గోల్‌కీపర్ ముందుకు రావడం చూసి, బంతిని వాడి తల మీదుగా ఎంత నెమ్మదిగా లేపాడంటే అది వలలో పడ్డాక గానీ అందరికీ అర్థం కాలేదు. టీవీలో ఎవరైనా ఆ గోల్ కొట్టి ఉంటే మనమంతా ఫోన్లలో పదిసార్లు చూసి పదిమందికి పంపేవాళ్ళం. అక్కడ చప్పట్లు కొట్టింది నేనూ, బొరుగులాయనా.

మ్యాచ్ అయ్యాక ఆ పిల్లాడి నాన్నతో మాట్లాడాను. ఆటో నడుపుతారట. కుర్రాడు వచ్చే ఏడాది ఇంటర్, ఇంక ఆట మానిపించేస్తానన్నారు. "బాగా ఆడతన్నాడు కదా సార్, ఎందుకు మానిపించడం?" అన్నాను. ఆయన నావైపు చూసి, "చూసేవాళ్ళే లేని ఆట ఆడి ఏం చేస్తాడు సామీ?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. బెంగుళూరు బస్సులో ఆరు గంటలూ అదే ఆలోచించాను. ఆ ఆలోచనే ఇది.

మొదట నాకు తట్టిన జవాబు అందరూ చెప్పేదే. "ఆట బాగుంటే, కప్పులు గెలిస్తే, జనం వాళ్ళే వస్తారు." వినడానికి బాగుంటుంది. కానీ అది తప్పని మన హైదరాబాదే రుజువు చేసింది.

ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు గానీ ఒకప్పుడు ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా తర్వాత హైదరాబాదే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దానికి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన కూడా మావాడిలాగా బడిపంతులే. ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియా 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్! మన ఆంధ్రప్రదేశే. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చాక గానీ మనలో చాలామందికి రహీం సాబ్ పేరు తెలియలేదు.

అదంతా పాత కథ, వదిలేద్దాం. కొత్త కథ ఇంకా అన్యాయం. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మొదటి ఏడాది ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగున నిలిచింది. రెండేళ్ళు తిరిగేసరికి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్ అయింది. తర్వాతి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం. అంతకంటే ఇంకేం గెలవాలి చెప్పండి? అయినా గచ్చిబౌలి స్టేడియంలో కుర్చీలు ఖాళీగానే ఉండేవి. కొంత కరోనా పాపం కూడా ఉంది, ఒప్పుకుంటాను. జట్టు పుంజుకున్న రెండు సీజన్లూ లీగ్ మొత్తం గోవాలోనే, దాదాపు అంతా తలుపులు మూసుకుని జరిగింది. అంటే హైదరాబాద్ జట్టు బాగా ఆడుతున్నప్పుడు హైదరాబాద్ వాళ్ళకి వెళ్ళి చూసే దారే లేదు. వాళ్ళు తిరిగొచ్చేసరికి, ఇది మన జట్టు అనుకునే అలవాటు ఊరికి ఇంకా కాలేదు. డెక్కన్ లీజియన్ అని ఒక అభిమానుల గుంపు ఉండేది. డప్పులు కొట్టుకుంటూ, గొంతులు పోయేలా అరుచుకుంటూ చివరిదాకా నిలబడ్డారు. వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ అంత పెద్ద ఊరికి ఆ గుంపు చాలలేదు.

తర్వాత డబ్బు కష్టాలొచ్చాయి, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2023-24లో మళ్ళీ అట్టడుక్కి చేరింది. చివరికి 2025లో ఆ క్లబ్బుని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. ఊళ్ళో ఒక కిరాణా కొట్టు మూసేసినా నాలుగు రోజులు మాట్లాడుకుంటాం. ఈ దేశపు ఛాంపియన్ జట్టు ఊరు వదిలి వెళ్ళిపోతే ఎంతమందికి తెలిసిందో మీరే చెప్పండి. అదే ఏడాది డిసెంబరులో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే మాత్రం వేలమంది టికెట్లు కొనుక్కుని వెళ్ళారు. మెస్సీని చూడ్డం తప్పని నేననను, టికెట్ దొరికితే నేనూ వెళ్ళేవాణ్ణే. కానీ మనకి ఫుట్‌బాల్ ఇష్టం లేదనే మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది. మనకి లేనిది ఆట మీద ఇష్టం కాదు, జట్టుతో చుట్టరికం.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కథ ఒకటి చెప్తాను. లండన్‌లో వింబుల్డన్ అని ఒక క్లబ్బు. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచిన క్లబ్బు. దాని యజమానులు జట్టుని సుమారు 90 కిలోమీటర్ల అవతల మిల్టన్ కీన్స్ అనే ఊరికి తీసుకుపోతామన్నారు. అంటే మన తిరుపతి జట్టుని తీసుకెళ్ళి చిత్తూరు దాటించి పెట్టినట్టు. 2002 మే నెలలో దానికి అనుమతి కూడా వచ్చేసింది. అభిమానులు ఏడ్చుకుంటూ ఇంటికి పోలేదు. కొన్ని వారాల్లోనే తమ సొంత క్లబ్బు పెట్టేశారు. ఆటగాళ్ళు కావాలని ప్రకటిస్తే రెండు వందలమందికి పైగా ఊరి పార్కులోకి వచ్చి ఆడి చూపించారు. ఆ జూలైలో ఆడిన మొట్టమొదటి స్నేహపూర్వక మ్యాచ్‌కి వచ్చిన జనం 4,657 మంది. జట్టు వయసు అప్పటికి కొన్ని వారాలు! లీగుల్లో ఎక్కడో అడుగు నుంచి మొదలుపెట్టి, తొమ్మిదేళ్ళలో ఐదు మెట్లెక్కి 2011లో పెద్ద లీగ్‌లోకి వచ్చేశారు. 2020లో తమ పాత పేటలోనే కొత్త స్టేడియం కట్టుకున్నారు.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చోట జట్టుంది, కప్పుంది, జనం లేరు. జట్టు పోయింది. ఇంకో చోట జట్టు పోయింది, జనం ఉన్నారు. జట్టు మళ్ళీ పుట్టింది. కాబట్టి ముందు కట్టాల్సింది జనాన్ని. మావాడు పదేళ్ళుగా జట్టుని కడుతున్నాడు, జనాన్ని కట్టడం మర్చిపోయాడు. (వాడితో ఈ మాట అన్నాను. "నువ్వు కట్టు మరి" అన్నాడు. ఆ సంగతి చివర్లో చెప్తాను.)

2012లో ఎనిమిది నెలలు లండన్‌లో ఆన్‌సైట్‌లో ఉన్నాను. పెద్ద జట్ల టికెట్లు కొనే స్తోమత లేక, ఒక శనివారం దగ్గర్లో ఉన్న డల్విచ్ హామ్లెట్ అనే క్లబ్బు మ్యాచ్‌కి వెళ్ళాను. ఇంగ్లండులో పై నాలుగు డివిజన్లలో 92 క్లబ్బులుంటాయి. ఆ కింద ఉన్నవాటన్నిటినీ కలిపి నాన్-లీగ్ అంటారు. వందలకొద్దీ ఉంటాయి. డల్విచ్ అట్లాంటి ఒక క్లబ్బు, 1893 నాటిది. ఆటగాళ్ళలో చాలామందికి వేరే ఉద్యోగాలుంటాయి. గులాబీ, నీలం రంగుల మఫ్లర్లేసుకున్న జనం గోల్ వెనకాల నిలబడి పాటలు పాడుతున్నారు, పిల్లలు గట్టు మీద పరిగెత్తుతున్నారు, కుక్కలు కూడా వచ్చాయి :-). నా పక్కనున్న పెద్దాయన నేనెక్కడివాణ్ణో, ఏ జట్టు తరఫునో అడగలేదు. మ్యాచ్ అయిపోగానే ఒకే ఒక ప్రశ్న వేశాడు. "వచ్చే వారం వస్తావా?"

వెళ్ళాను. ఆ ఒక్క ప్రశ్నకే వెళ్ళాను. ఉన్న ఎనిమిది నెలల్లో మళ్ళీ పదిసార్లు వెళ్ళుంటాను.

ఇక్కడ మీరు "ఇంగ్లండు సంగతి వేరబ్బా, మనవాళ్ళకి అంత ఓపికేది" అంటారు. అట్లా అనేవాళ్ళు తిరుపతిలో గంగమ్మ జాతర చూసి ఉండరు. జాతరకి ముందు చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక ఊళ్ళోవాళ్ళు జాతర అయ్యేదాకా పొలిమేర దాటి రాత్రిళ్ళు బయట ఉండకూడదని కట్టుబాటు. తర్వాత రోజుకొక వేషం.. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. మొగవాళ్ళు చీరలు కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. నేనూ ఎనిమిదో తరగతిలో మా అక్క ఓణీ వేసుకుని వీధుల్లో తిరిగినవాణ్ణే. గమనించండి, ఆ వారంరోజులూ ఊళ్ళో 'ప్రేక్షకుడు' అనేవాడు ఒక్కడూ ఉండడు. వేషం కట్టేవాడు, విభూది పూసేవాడు, అంబలి పోసేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు, ప్రతివాళ్ళకీ ఒక పని. పని ఉన్నచోటికి మనిషి వస్తాడు. ఊరికే కూచుని చూడమంటే ఇంట్లో టీవీ ఉంది కదా!

సంక్రాంతికి చంద్రగిరి పక్కన రంగంపేటలో పశువుల పండగ చూడండి. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ అంతమంది మిద్దెలెక్కి ఎందుకు నిలబడతారు? ఎవరూ టికెట్ అమ్మలేదు, ఎవరూ ప్రకటన ఇవ్వలేదు. బరిలోకి వచ్చేది ఫలానా వాళ్ళింటి ఎద్దు అని తెలుసు కాబట్టి. ఇంక సినిమా హీరోల అభిమాన సంఘాల గురించి నేను చెప్పాలా? రాత్రికి రాత్రి ఫ్లెక్సీలు కట్టడం, పాలు పొయ్యడం, డప్పులు తేవడం.. ప్రపంచంలో ఏ ఫుట్‌బాల్ క్లబ్బుకీ లేనంత తయారీ ఉన్న అభిమానులు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ళకి మన గ్రౌండ్ దారి ఎవరూ చూపించలేదు, అంతే.

సరే, ఉపన్యాసం ఆపి అసలు పనికొస్తాను. సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా కొత్తది తయారుచేసినప్పుడు లక్షమంది గురించి ఆలోచించొద్దంటారు. ముందు ఒక వందమందికి అది లేకపోతే గడవదు అనిపించాలి. కాబట్టి నా లెక్కంతా మొదటి వందమంది గురించే.

ఒకటి. రోజూ, టైమూ మార్చొద్దు. మావాడి మ్యాచ్‌లు ఒక వారం ఆదివారం పొద్దున, ఇంకో వారం శనివారం సాయంత్రం, గ్రౌండ్ దొరికినప్పుడు. సంతకి జనం ఎందుకొస్తారు? ఫలానా వారం సంత ఉంటుందని ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి. నెలకి రెండే మ్యాచ్‌లు పెట్టండి, కానీ మొదటి, మూడో ఆదివారం పొద్దున ఆరున్నర అంటే ఆరున్నరే. ఆ టైముకి ఐపీఎల్ ఉండదు, ఎండ ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో వానలు, మార్చిలో పరీక్షలు, ఆ తర్వాత మన ఎండల సంగతి తెలిసిందే. కాబట్టి జూలై నుంచి అక్టోబరు మొదలుదాకా, సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి దాకా. ఇంగ్లండులో 2010 నుంచి నాన్-లీగ్ డే అని జరుపుతున్నారు. దేశాల మధ్య మ్యాచ్‌ల కోసం పెద్ద క్లబ్బులకి సెలవిచ్చిన శనివారం చూసుకుని, 'ఈ ఒక్కవారం మీ ఊరి జట్టుని చూడండి' అంటారు. పెద్ద ఆటతో పోటీ పడరు, అది లేని సందులో దూరతారు. మనమూ అంతే.

రెండు. జట్టుకి పేటల పేర్లుండాలి. లయన్స్, టైగర్స్, వారియర్స్ ఎవరికి చుట్టాలు? కొర్లగుంట, జీవకోన, బైరాగిపట్టెడ, ఎర్రమిట్ట అని నాలుగు జట్లు చేసి ముందు వాళ్ళలో వాళ్ళని ఆడించండి. అందులోంచి ఊరి జట్టుని ఎంచండి. ఒక్కో జట్టుకి పదహారుమంది పిల్లలు. ఇంటికి ఇద్దరొచ్చినా నాలుగు జట్లకి కలిపి నూట ఇరవైకి పైన. మొదటి వందమంది అక్కడే వచ్చేశారు!

మూడు. అమ్మలు కూచోడానికి చోటు. ఆ రోజు గ్రౌండ్లో ఒక్క ఆడమనిషి లేదు. ఎందుకు లేదో కనుక్కోవడానికి పరిశోధన అక్కర్లేదు, మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. ఒక షామియానా, ఇరవై కుర్చీలు, మంచినీళ్ళ క్యాను, తాళం తీసిన శుభ్రమైన మరుగుదొడ్డి. గెలుపు కంటే ఇవి ముఖ్యం. అట్లాగే అబ్బాయిల మ్యాచ్‌కి ముందు అరగంట అమ్మాయిల మ్యాచ్ పెట్టండి. ఇంగ్లండులోనే లూయిస్ అనే చిన్న క్లబ్బు 2017లో ఆడవాళ్ళ జట్టుకీ, మగవాళ్ళ జట్టుకీ సమానంగా డబ్బు కేటాయించింది. అంత చిన్న క్లబ్బు పేరు నాదాకా వచ్చిందంటే అందుకే.

నాలుగు. వచ్చిన ప్రతివాడికీ ఒక పని. స్కోరు రాసే పలక ఒకడికి, గీతలకి సున్నం పొయ్యడం ఒకడికి, డప్పు ఒకడికి, ఫోటోలు ఒకడికి, వాట్సాప్‌లో ఫలితం పెట్టడం ఇంకొకడికి. వాకింగ్‌కొచ్చి కూచున్న ఆ ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకాయన రిటైరైన తెలుగు మేష్టారట. ఆయన చేతికి మైకివ్వండి. తెలుగులో కామెంటరీ వింటూ చూస్తే ఆ ఆటకే కొత్త రుచి వస్తుంది.

ఐదు. చిత్తూరుతో మ్యాచ్. ఇది నా ముద్దుల ఆలోచన. చిత్తూరు, తిరుపతి డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉండి, ఒకరినొకరు వేళాకోళం చేసుకుంటూ బతికిన ఊళ్ళు. జిల్లా కేంద్రం మాది అని వాళ్ళు, పేరు మాది అని మేము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలే వేరైపోయాయి. ఇంతకంటే మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది? ఏడాదికి రెండు మ్యాచ్‌లు. ఒకటి ఇక్కడ, ఒకటి చిత్తూరు మెసానికల్ గ్రౌండ్లో. గెలిచినవాళ్ళకి కప్పొద్దు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి బుట్టెడు మామిడికాయలో, కాలం కాకపోతే బెల్లమో ఇచ్చుకోవాలి. దీనికి బస్సులు కట్టించుకుని వస్తారు, చూడండి.

ఆరు. డబ్బు. లోపలికి రావడానికి టికెట్ పెట్టొద్దు. ఏడాదికి వంద రూపాయల సభ్యత్వం పెట్టండి. వంద కట్టినవాడి పేరు గోడమీద రాయండి, వచ్చిన ప్రతి రూపాయి లెక్కా అదే గోడమీద రాయండి. బంతికి ఇంత, రెఫరీకి ఇంత, షామియానాకి ఇంత అని. ఊరికే వచ్చింది ఊరికే పోతుంది, వంద కట్టినవాడు మాత్రం అడగడానికి వస్తాడు. అడిగేవాడే మనకి కావాల్సినవాడు.

చెయ్యకూడనిది కూడా ఒకటుంది. ముఖ్య అతిథి. దయచేసి పిలవొద్దు. చిన్నప్పుడు మేమాడిన ఒక టోర్నమెంటు ఫైనల్‌కి ముఖ్య అతిథి కోసం రెండున్నర గంటలు ఎండలో వరసలో నిలబెట్టారు. ఆయనొచ్చి, బంతిని ఒక తన్ను తన్ని, ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఆయనతో పాటే జనమూ వెళ్ళిపోయారు. ఆ ఫైనల్ ఎవరు గెలిచారో నాకిప్పుడు గుర్తులేదు, ఆ ఎండ మాత్రం గుర్తుంది.

ఇదంతా చేస్తే ఆ ఎడమవైపు పిల్లాడు ఇండియాకి ఆడతాడా? నాకు తెలీదు. బహుశా ఆడకపోవచ్చు. వాడి నాన్న భయం తప్పని కూడా నేననలేను, ఇంటర్ చదువు చదువే. కానీ చదువుకీ, వారానికొకసారి తొంభై నిమిషాల ఆటకీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోమని ఎవరన్నారు? ఆ పొద్దున గట్టు మీద రెండు వందలమంది ఉండి, వాడి గోల్‌కి పేటంతా లేచి అరిచి ఉంటే, ఆయన నోట ఆ మాట వచ్చేదా అని నా అనుమానం.

నేను ఈ ఆరు సూత్రాలూ పెద్ద మెయిల్‌గా రాసి మావాడికి పంపించాను. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేశాడు. "అంతా చదివినాను. బాగుండాది. నువ్వు బెంగుళూర్లో కూచోని రాసినావు, నేను ఈడ ఒక్కణ్ణే చెయ్యాల. నాకు డబ్బులొద్దు, సలహాలొద్దు. ఒకటి చెప్పు. మూడో ఆదివారం వస్తావా?"

డల్విచ్ పెద్దాయన అడిగిన ప్రశ్నే.

శనివారం రాత్రి బస్సుకి టికెట్ తీసుకున్నాను. సున్నం గీతల పని నాదట. తిరుపతిలో ఉన్నవాళ్ళు ఆరున్నరకి రాండి, పెద్దగా ఏమీ అడగను, చప్పట్లు కొట్టండి చాలు. ఇంకో ఊళ్ళో ఉన్నారా? మీ ఊళ్ళోనూ ఇట్లాంటి పిచ్చివాడొకడు పొద్దున్నే బంతి సంచీ మోసుకుని పోతుంటాడు. ఈ ఆదివారం వాడి వెనకాల వెళ్ళి చూడండి. నచ్చకపోతే మధ్యలో లేచొచ్చెయ్యండి, ఎవరూ ఏమనుకోరు. పక్కన బొరుగులైనా దొరుకుతాయి.